పొడులు, పటిక, నల్లగొండ నీళ్లు: ఫిల్మ్ డెవలపర్ ఇంట్లో కలుపుకున్న నా అనుభవం

ఫొటో ఫిల్మ్ మీద బొమ్మను పైకి తెచ్చే రసాయన ద్రావణాన్నే డెవలపర్ అంటారు. నల్లగొండలో దాన్ని ఇంట్లో కలుపుకోవాలనుకునేవారు కాంటా కొనడానికి ముందే నీళ్ల సంగతి తేల్చుకోవాలి. ఏ సూత్రం తీసుకున్నా మొదటి పంక్తిలో నీళ్లే ఉంటాయి. "52 డిగ్రీల నీరు, 750 మిల్లీలీటర్లు" అని ఉన్న ఆ పంక్తిని చాలామంది చూపు ఆనించకుండా దాటేసి, పొడుల్లో మెటాల్ ఎంత, హైడ్రోక్వినోన్ ఎంత అంటూ కిందికి వెళ్లిపోతారు. మంచినీటి నదుల పక్కన ఉన్న ఊళ్లలో అలా దాటేసినా నడుస్తుందేమో. మా జిల్లాలో నడవదు. ఇక్కడ బోరు నీళ్లు ఎన్ని తరాల ఎముకలను వంచాయో తెలిసినవాళ్లం, అవే నీళ్లు ఒక సున్నితమైన రసాయన ద్రావణాన్ని ఏం చేస్తాయో పట్టించుకోకుండా ఎలా ఉంటాం?

నేను నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఫొటోలు తీస్తాను. కెమెరా మా చిన్నాయనది. ఆయన మిర్యాలగూడలో చాలా ఏళ్లు స్టూడియో నడిపారు. పెళ్లి ఫొటోలు ముందు రంగుల్లోకి, తర్వాత డిజిటల్‌లోకి మారిపోయాక దుకాణం మూసేశారు గానీ డార్క్‌రూమ్ సామాను అమ్మడానికి మనసు ఒప్పలేదు. ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రం), ట్రేలు, డెవలపింగ్ ట్యాంకు, ఎర్ర బల్బు అన్నీ నాకే ఇచ్చారు. రసాయనాలు మాత్రం నేనే సమకూర్చుకోవాలి. తయారు ప్యాకెట్లు నల్లగొండలో నాకు ఎక్కడా దొరకలేదు. దూరం నుంచి తెప్పించుకోవచ్చు, కానీ ప్యాకెట్‌తో ఒక ఇబ్బంది ఉంది. లీటరు ప్యాకెట్ తెరిస్తే లీటరూ ఒకేసారి కలపాలి. సగం పొడి తీసి సగం దాచుకోవడం కుదరదు. లారీ ప్రయాణంలో బరువైన రేణువులు అడుగుకు, తేలికైనవి పైకి చేరి ఉంటాయి కాబట్టి ఆ సగంలో ఏది ఎంత వచ్చిందో చెప్పలేం. నెలకు ఒకటో రెండో రీళ్లు కడిగే నాబోటివారికి లీటరు డెవలపర్ చాలావరకు వృథా అవుతుంది.

"ప్యాకెట్లు పెద్ద స్టూడియోల వాళ్లు కొనేవాళ్లు బిడ్డా. మేం పొడులు డబ్బాల్లో తెచ్చుకుని తూచి కలుపుకునేవాళ్లం. ఏ సీజన్‌లో ఎంత కావాలో అంతే" అన్నారు చిన్నాయన. నాకు నచ్చిన మాట అది. పైగా విడివిడిగా తూచినప్పుడే ఏ పొడి ఏ పని చేస్తుందో అర్థమవుతుంది. ప్యాకెట్‌లో తెల్లటి పొడి ఒకటే కనిపిస్తుంది.

నేను ఎంచుకున్న సూత్రం డి-76. కొడాక్ పరిశోధకులు 1920లలో సినిమా ఫిల్మ్ కోసం తయారుచేసినది. ఇల్ఫర్డ్ ఫిల్మ్ కంపెనీ వారి ఐడి-11 కూడా దాదాపు ఇదే. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. అంతే. వందేళ్లుగా ప్రపంచంలోని నలుపు తెలుపు ఫిల్మ్‌లో పెద్ద భాగం ఈ నాలుగు పొడుల్లోనే కడిగారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వెలుగు తగిలిన వెండి లవణపు రేణువులను నల్లటి వెండిగా మార్చేవి మెటాల్, హైడ్రోక్వినోన్. డి-76లో క్షారం తక్కువ కాబట్టి అసలు పని మెటాల్‌దే. పనిచేసి అలసిన మెటాల్‌ను హైడ్రోక్వినోన్ మళ్లీ నిలబెడుతుంది, అందుకే రెండూ కలిసినప్పుడు వచ్చే బలం విడివిడి బలాల మొత్తం కంటే ఎక్కువ. సల్ఫైట్ ఈ రెంటినీ గాలి నుంచి కాపాడుతుంది. లీటరుకు 100 గ్రాములంత ఎక్కువగా ఉన్నప్పుడు వెండి రేణువుల అంచులను కొంచెం కరిగించి ఫొటోలో గరుకును కూడా తగ్గిస్తుంది. బోరాక్స్ క్షారం. అది లేకపోతే మిగతావి చాలా నెమ్మదిగా పనిచేస్తాయి.

బోరాక్స్ కోసం హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు, అది మన వెలిగారమే. కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడేది. ప్రకాశం బజార్ వైపు ఒక పాత కిరాణా దుకాణంలో అడిగితే, "ఎంత కావాలి, నగల పనికా?" అని అడిగాడు దుకాణదారు. ఫొటోలు కడగడానికి అన్నాను. ఆయన ఆసక్తిగా నా వైపు చూసి, వాళ్ల నాన్న కాలంలో స్టూడియో వాళ్లు కూడా తీసుకెళ్లేవారని చెప్పాడు. పలుకులుగా ఉన్న వెలిగారాన్నే తెచ్చుకోవాలి. పెనం మీద పొంగించినది వద్దు. పొంగినప్పుడు అందులోని నీరు పోతుంది కాబట్టి 2 గ్రాముల లెక్క తప్పుతుంది.

మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైట్, హైపో (సోడియం థయోసల్ఫేట్) హైదరాబాద్‌లో కాలేజీ ప్రయోగశాలలకు సరుకు అమ్మే దుకాణంలో కొన్నాను. ప్రయోగశాల తరగతి సరుకు చాలు, అత్యంత శుద్ధమైనది అవసరం లేదు. కానీ చీటీ మీద పేరు అక్షరం అక్షరం చదవాలి. సోడియం సల్ఫైట్, సోడియం సల్ఫేట్, సోడియం సల్ఫైడ్ మూడూ పక్కపక్క అరల్లోనే ఉంటాయి. సల్ఫేట్ తెచ్చుకుంటే డెవలపర్‌కు రక్షణ ఉండదు. సల్ఫైడ్ అయితే ఆమ్లం తగిలినప్పుడు విషవాయువు వదులుతుంది. ఇంకొకటి, సల్ఫైట్ డబ్బా మీద నిర్జలం అని ఉందో లేదో చూడాలి. సూత్రాల్లో చెప్పే 100 గ్రాములు నిర్జల సల్ఫైట్ లెక్క. నీరు పట్టిన స్ఫటికాల రూపంలో దొరికితే రెట్టింపు తూచాలి. మెటాల్ తెల్లగానో, తెలుపుకు దగ్గరగానో ఉండాలి. బూడిద రంగుకు, గోధుమ రంగుకు తిరిగితే పాతదని అర్థం. డబ్బా తెరిపించి చూశాకే డబ్బులిచ్చాను.

ఇక నీళ్లు.

మా ఇంట్లో మూడు రకాల నీళ్లు వస్తాయి. బోరు, మిషన్ భగీరథ నల్లా, పక్క వీధి ఆర్వో ప్లాంటు క్యాను. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, గోటితో గీకితే పెచ్చులుగా ఊడుతుంది. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. నల్లగొండ నీళ్లనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో అది చేసిన నష్టం మాకు వార్త కాదు, మా చుట్టాల ఇళ్లలో చూసిందే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. కానీ డెవలపర్ విషయంలో ఆ కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పెద్దగా అడ్డం రాదు. అడ్డం వచ్చేది కాఠిన్యం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాల్షియం వెళ్లి సల్ఫైట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతుంది. ప్రింట్ల కోసం కలిపే డెవలపర్‌లో సోడియం కార్బోనేట్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ దిగుతుంది. ఆ మడ్డి ఫిల్మ్ మీద అంటుకుని ఆరితే, ఎన్‌లార్జర్ కింద ప్రతి నలుసూ ఆకాశంలో ఒక చుక్కై కనిపిస్తుంది.

నేను మూడు గాజు గ్లాసుల్లో మూడు రకాల నీళ్లు పోసి, ఒక్కొక్క దాంట్లో చిటికెడు సల్ఫైట్, చిటికెడు చాకలి సోడా వేసి కలిపి పెట్టాను. బోరు నీళ్లు కాసేపట్లోనే మసకబారాయి. పొద్దున్నకు గ్లాసు అడుగున సన్నటి తెల్లటి పొర తేరుకుంది. భగీరథ నీళ్లలో కొంచెం మసక. ఆర్వో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా. మన జిల్లాల్లో ఎవరు ఈ పని మొదలుపెట్టినా, మహబూబ్‌నగర్‌లో అయినా, దేవరకొండలో అయినా, మొదట ఇదే చేయమంటాను. పక్క పక్క వీధుల బోర్లలో కూడా నీళ్లు ఒకేలా ఉండవు.

నల్లా నీళ్ల క్లోరిన్ వాసన గురించి భయపడక్కర్లేదు. ఆ కాస్త క్లోరిన్‌ను సల్ఫైట్ వెంటనే మింగేస్తుంది. నీళ్లు కాచి చల్లార్చితే కాఠిన్యంలో కొంత భాగం గిన్నెకు అంటుకుని పోతుంది, నీళ్లలో కరిగి ఉన్న గాలి కూడా పోతుంది. డెవలపర్‌కు రెండూ మంచివే. కాచినా ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. తాగే నీళ్ల విషయంలో ఇది మరచిపోకూడదు. చివరికి నా ఏర్పాటు ఇలా కుదిరింది. డెవలపర్‌కు ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, అది లేనప్పుడు ఆర్వో నీళ్లు కాచి చల్లార్చినవి. డెవలపర్ తర్వాత ఫిల్మ్‌లో మిగిలిన వెండి లవణాలను కరిగించే ద్రావణం ఫిక్సర్, దానికి భగీరథ నీళ్లు. ఆ తర్వాత ఫిల్మ్‌కు అంటిన రసాయనాలు కడిగేయడానికీ అవే. ఆరేసే ముందు చివరి ముంపు మాత్రం మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌లో. తప్పనిసరై కఠినమైన నీళ్లే వాడాల్సి వస్తే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ లీటరుకు ఒకటి రెండు గ్రాములు అన్నిటికంటే ముందు కరిగించుకోవాలి, అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది.

కలిపే పని వంటింట్లో చేయలేదు. ఇంట్లో పిల్లలున్నారు. స్నానాల గది పక్కన చిన్న బల్ల వేసి, పాత పేపర్లు పరిచి, ఫ్యాను ఆపేశాను. మే నెలలో నల్లగొండలో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, కానీ హైడ్రోక్వినోన్ తేలికైన మెరిసే పలుకులుగా ఉంటుంది, చిన్న గాలికి ఎగురుతుంది. కళ్లలో పడితే ప్రమాదం. మెటాల్ కొందరి చర్మానికి పడదు. వేళ్ల మధ్య దురదగా మొదలై, ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. చిన్నాయనతో పనిచేసిన ఒకాయన దీనివల్లే డార్క్‌రూమ్ పని మానేశారట. అందుకే మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు మూడూ పెట్టుకున్నాను. చెమట తుడుచుకోవడానికి వేరే తువ్వాలు దూరంగా పెట్టుకోవాలి, తొడుగుల చేత్తో ముఖం తాకకూడదు.

నగల దుకాణాల్లో వాడే చిన్న కాంటా, గ్రాములో వందో వంతు చూపించేది, ఈ పనికి సరిపోతుంది. మెటాల్ 2 గ్రాములు తూచడానికి వంటింటి కాంటా పనికిరాదు. ఒక్కొక్క పొడికీ విడిగా బటర్ పేపర్ ముక్క, విడిగా ప్లాస్టిక్ చెంచా. తూచిన ప్రతి పొట్లం మీద పేరు రాసి, కలపబోయే వరుసలో బల్ల మీద పేర్చుకున్నాను. అన్నీ తెల్లటి పొడులే. రాసుకోకపోతే చూపుతో గుర్తుపట్టలేం. పాత్రలు గాజువో, మంచి ప్లాస్టిక్‌వో, స్టీలువో ఉండాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం వద్దు. రాగి జాడ చాలు డెవలపర్ చెడిపోవడానికి.

వరుస గురించి వివరంగా చెబుతాను. ఈ పని మొత్తంలో నాకు చాలా ఇష్టమైన భాగం అదే.

750 మిల్లీలీటర్ల నీటిని 52 డిగ్రీల దగ్గరికి తెచ్చాను. మొదట 100 గ్రాముల సల్ఫైట్ పొట్లంలోంచి ఒక్క చిటికెడు మాత్రమే వేయాలి. తర్వాత మెటాల్. సల్ఫైట్ ఎక్కువగా ఉన్న నీటిలో మెటాల్ కరగదు కాబట్టి మెటాల్ ముందు వెళ్లాలి. కానీ సల్ఫైట్ అసలు లేని వేడి నీటిలో మెటాల్ గాలి తగిలి పాడవడం మొదలవుతుంది కాబట్టి ఆ చిటికెడు దానికంటే ముందు వెళ్లాలి. రెండు అవసరాలూ ఒకదానికొకటి ఎదురు. ఆ ఒక్క చిటికెడుతో రెండూ తీరుతాయి. ఇది మొదట కనిపెట్టినవారి బుద్ధికి నమస్కరించాలనిపిస్తుంది. మెటాల్ పూర్తిగా కరిగి, గాజు కడ్డీకి ఒక్క పలుకు కూడా తగలని దాకా ఆగాను. గిలకొట్టకూడదు, నురగ రాకూడదు, అడుగు నుంచి నెమ్మదిగా తిప్పాలి.

ఆ తర్వాత మిగిలిన సల్ఫైట్. ఉప్మాలో రవ్వ పోసినట్టు ఒక చేత్తో సన్నగా జారవిడుస్తూ, ఇంకో చేత్తో తిప్పుతూ ఉండాలి. మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే అడుగున గట్టిగా గడ్డకట్టి, మళ్లీ కరిగించడానికి చాలాసేపు పడుతుంది. నీళ్లు ముందు పాలలా తెల్లబడి, తర్వాత నిదానంగా తేటపడతాయి. పూర్తిగా తేటపడ్డాకే హైడ్రోక్వినోన్, అదీ కరిగాకే వెలిగారం. రక్షణ ఇచ్చే సల్ఫైట్ అంతా చేరాకే క్షారం రావాలి. ముందే వస్తే మెటాల్, హైడ్రోక్వినోన్ గాలితో తొందరగా కలిసిపోయి ద్రావణం రంగు తిరుగుతుంది. చివర్లో చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోసి సరిగ్గా లీటరు చేశాను.

కుదిరిన డి-76కు రంగు ఉండదు, దాదాపు వాసన కూడా ఉండదు. గోధుమ రంగు వస్తే పారబోయాల్సిందే. కలిపిన వెంటనే వాడకుండా ఒక రాత్రి మూత బిగించి ఉంచడం చిన్నాయన అలవాటు. "కలిపిన పూట దాని జోలికి పోవద్దు, కుదురుకోనివ్వాలి" అన్నారు. నేనూ అలాగే ఉంచి, మర్నాడు కాఫీ వడకట్టే కాగితంలో వడపోసి, గోధుమ రంగు గాజు సీసాల్లో అంచు దాకా నింపాను.

ఫిక్సర్‌కు హైపో. 1819లోనే జాన్ హెర్షెల్ హైపో వెండి లవణాలను కరిగిస్తుందని గుర్తించాడు. ఫొటోగ్రఫీ ప్రపంచానికి తెలిసిన 1839లో అది వెలుగుకు మాసిపోని ఫొటోకు దారి చూపింది. పటికబెల్లం పలుకుల్లా ఉండే ఈ స్ఫటికాలు నీటిలో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటాయి. 50 డిగ్రీల నీటిలో పోశాను, కరిగేలోగా పాత్ర చేతికి తెలిసేంత చల్లబడింది. ఆరోజు ఆ గదిలో నాకు దొరికిన చల్లదనం అదొక్కటే. వట్టి నీటిలో లీటరుకు 250 గ్రాముల హైపో కరిగించినా ఫిక్సర్‌గా పనిచేస్తుంది. కానీ నేను వేసవిలో కలిపేది కొడాక్ ఎఫ్-5: హైపో 240 గ్రాములు, సల్ఫైట్ 15 గ్రాములు, 28 శాతం ఎసిటిక్ ఆమ్లం 48 మిల్లీలీటర్లు, బోరిక్ ఆమ్లం 7.5 గ్రాములు, పొటాష్ పటిక 15 గ్రాములు. ఇదే వరుసలో, ఒకటి కరిగాకే ఇంకొకటి. సల్ఫైట్ లేకుండా ఆమ్లం నేరుగా హైపోకు తగిలితే గంధకం విరిగి ద్రావణం తెల్లబారుతుంది. గాఢమైన ఎసిటిక్ ఆమ్లం దొరికితే మూడు పాళ్ల ఆమ్లాన్ని ఎనిమిది పాళ్ల నీటిలో పోసి 28 శాతం చేసుకోవాలి. నీటిలోకి ఆమ్లం పోయాలి, ఎప్పుడూ అలాగే. బోరిక్ ఆమ్లం మందుల దుకాణంలో దొరుకుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కూడా సాధారణంగా అదే గానీ అందులో ఇంకేం కలుస్తుందో చెప్పలేం, దాని జోలికి పోలేదు.

పటిక ఎందుకంటే, ఫిల్మ్ మీద వెండిని పట్టి ఉంచేది జెలటిన్. మన ఎండకాలపు నీళ్లలో అది ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడొస్తుంది. పటికలోని అల్యూమినియం దాన్ని గట్టిపరుస్తుంది. ఈ పటిక తూచుతున్నప్పుడు నాకు మా ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలిసిన 'నల్లగొండ టెక్నిక్' గుర్తొచ్చింది. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేర్చి, వడపోయడం. అక్కడ వాడేది అల్యూమినియం సల్ఫేట్, ఇక్కడిది పొటాష్ పటిక, కానీ రెండు చోట్లా పని చేసే లోహం ఒకటే.

పటికకు ఒక ఖరీదు ఉంది. గట్టిపడిన జెలటిన్ హైపోను తొందరగా వదలదు, ఎక్కువసేపు కడగాలి, ఎక్కువ నీళ్లు పోతాయి. ఫిల్మ్ కడగడానికి ఇల్ఫర్డ్ చెప్పిన పొదుపైన పద్ధతి ఒకటుంది. ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోతుంది. కానీ అది పటిక లేని ఫిక్సర్‌కే చెల్లుతుంది. పటిక వాడినప్పుడు నేను మధ్యలో లీటరుకు 20 గ్రాముల సల్ఫైట్ కరిగించిన నీటిలో ఫిల్మ్‌ను రెండు నిమిషాలు తిప్పుతాను. హైపో తేలిగ్గా బయటికి వస్తుంది, ఆ తర్వాత కడగడానికి పట్టే నీళ్లు బాగా తగ్గుతాయి. చలికాలంలో అయితే పటిక పూర్తిగా మానేస్తాను. నీళ్లకు కటకటపడిన జిల్లాలో పుట్టి, నల్లా అరగంట వదిలేసి ఫిల్మ్ కడగడం నావల్ల కాదు.

కొత్తగా కలిపిన ద్రావణాన్ని నమ్మేముందు చిన్న పరీక్ష చేయాలి. కెమెరాలో రీలు ఎక్కించేటప్పుడు బయట మిగిలే ఫిల్మ్ కొస ఉంటుంది కదా, దాన్ని కత్తిరించి దాచుకోవాలి. వెలుగులోనే ఆ ముక్కను డెవలపర్‌లో ముంచితే కొద్ది నిమిషాల్లో చిక్కటి నలుపు రావాలి. ఇంకో ముక్కను ఫిక్సర్‌లో ముంచి, పాలరంగు పోయి పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. ఫిల్మ్‌ను దానికి రెట్టింపు సేపు ఫిక్సర్‌లో ఉంచాలి. కొత్త ఫిక్సర్‌కు పట్టిన కాలం సీసా మీద రాసుకుంటే, వాడగా వాడగా అది రెట్టింపైన రోజున పక్కన పెట్టేయొచ్చు.

మిగిలిన చిక్కు వేడి. ఫిల్మ్‌ను డెవలపర్‌లో ఎంతసేపు ఉంచాలో చెప్పే పట్టికలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. మేలో మా నల్లా నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. నేను డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్ల సీసాలు అన్నిటినీ మట్టికుండలోని నీళ్లలో ముందు రాత్రే పెడతాను. మా పొడి ఎండలో కుండ బాగా చల్లబరుస్తుంది, తెల్లవారుజామున 24 డిగ్రీల దగ్గరికి వస్తాయి. అక్కడే ఆగిపోతాను. 20కి దించాలని ఐసుతో కుస్తీ పట్టడం కంటే 24 దగ్గర కాలాన్ని తగ్గించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే డెవలపర్ 20లో ఉండి కడిగే నీళ్లు 32లో ఉంటే జెలటిన్ ఉలిక్కిపడి సన్నటి ముడతలు పడుతుంది. అన్నీ ఒకే వేడిలో ఉండటమే ముఖ్యం. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ను ఐడి-11లో సమానంగా నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర డెవలప్ చేస్తే 13 నిమిషాలు. 24 దగ్గర నేను తొమ్మిదింబావు ఇస్తాను. నా నెగెటివ్‌లకు అది సరిపోయింది.

మొదటి రీలు పానగల్లులో తీశాను. ఛాయా సోమేశ్వరాలయం మా పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భాలయాల గుడి. గర్భాలయంలో శివలింగం వెనుక పగలంతా ఒకేచోట నిలిచి ఉండే స్తంభపు నీడ వల్ల దానికి ఆ పేరు. గర్భాలయంలోకి కెమెరా తీసుకెళ్లలేదు, మండపం స్తంభాల మీద వెలుతురు నాకు చాలు. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల నల్లరాయి. ఆ రెంటినీ ఒకే ఫ్రేములో పట్టుకోవాలంటే డెవలపర్ మెత్తగా పనిచేయాలి, డి-76లో నీళ్లు సగం కలపడం అందుకే. వెలుతురు కొలిచే మీటరు 10 సెకన్లు చూపించిన చోట హెచ్‌పీ5కు 20 సెకన్లు ఇవ్వాలి, మసక వెలుగులో ఫిల్మ్ చురుకుదనం తగ్గుతుంది.

ఆరిన ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఒక్క తెల్ల నలుసు లేదు. స్తంభం మీది నగిషీలో నీడ ఉన్న వైపు కూడా గీతలన్నీ కనిపిస్తున్నాయి. చిన్నాయనకు ఫోను చేసి చెబితే, "ఫిల్మ్ అంచుల్లో నంబర్లు నల్లగా వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయన్నాను. అయితే డెవలపర్ బాగుందని ఆయన తీర్పు. ఆ అంకెలు కంపెనీవాళ్లు వెలుగుతో వేసినవి కాబట్టి మన కెమెరాతో సంబంధం లేకుండా డెవలపర్ బలాన్ని ఒక్కదాన్నే చూపిస్తాయి.

వాడేసిన హైపోను నేను కాలువలో పోయను. అందులో ఫిల్మ్ నుంచి కరిగిన వెండి ఉంటుంది. ఇప్పటికే ఫ్లోరైడ్‌తో బాధపడిన భూగర్భ జలాల్లోకి ఇంకో లోహాన్ని పంపే హక్కు నాకు లేదు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మామూలు ఉక్కు పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరిగి, దాని బదులు వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు ఈ పనికి పనికిరాదు. పాత స్టూడియోలవాళ్లు ఈ హైపోను వెండి తీసేవాళ్లకు అమ్ముకునేవారు. వాడిన డెవలపర్‌ను మాత్రం బాగా నీళ్లు కలిపి డ్రైనేజీలోకి వదులుతాను, మొక్కలకు, ఇంకుడు గుంతకు పోనివ్వను.

అంచు దాకా నింపి మూత బిగించిన సీసాలో డి-76 ఆరు నెలలు నిలుస్తుంది, సగం ఖాళీ అయితే రెండు నెలలే. అందుకే లీటరు సీసా ఒకటి కాకుండా 250 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు నింపుతాను. ఒక సీసాకు సమానంగా నీళ్లు కలిపితే ఒక రీలుకు సరిపోతుంది, పని కాగానే పారబోయడమే. ఇంకో సంగతి, నిలవ ఉన్నకొద్దీ ఈ డెవలపర్‌లో క్షారం మెల్లగా పెరిగి, పాత సీసాలో కడిగిన ఫిల్మ్ కొంచెం ఎక్కువ చిక్కగా వస్తుంది. దీనికి విరుగుడుగా డి-76డి అనే రూపం ఉంది. వెలిగారం 2 గ్రాముల బదులు 8 గ్రాములు, దానితోపాటు బోరిక్ ఆమ్లం 8 గ్రాములు, మిగతావన్నీ అవే. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని క్షారాన్ని కదలనివ్వవు. ఫిక్సర్ కోసం తెచ్చిన బోరిక్ ఆమ్లం ఎలాగూ ఇంట్లో ఉంది కాబట్టి ఇప్పుడు నేను కలుపుతున్నది ఈ రెండో సూత్రమే.